దాహమడిగిన ప్రభువు
(ఉపదేశుల స్మారకోపన్యాసం)



ఈ స్మారకోపన్యాసం ఒక్కరి పేరున కాకుండా ఉపదేశులందరి పేరున ఏర్పాటు చేయడం నాకు సంతోషం. నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలతో మన మేత్రాసనం ఏర్పడింది 1976లో. తొలి మేత్రాణులు మాథ్యూ చెరియన్‌కున్నెల్ గారు పీమే సభ గురువు. ఆ సభవాళ్లు ఇటలీలోని మిలాన్ నుంచి బయలుదేరి 19వ శతాబ్దం నడుమనే నిజాం రాజ్యానికి వచ్చారు. చరిత్ర రాసేటప్పుడు మనం మేత్రాణుల పేర్లు, గుళ్లు కట్టిన సంవత్సరాలు రాసుకుంటాం. అది అవసరమే. కానీ ఫాదర్ నెలకోసారి వచ్చి పూజ చేసి పోయే ఊళ్లలో మిగిలిన రోజులన్నీ విశ్వాసాన్ని కాచింది ఉపదేశి. పిల్లలకు జపాలు నేర్పింది ఆయన. ప్రాణం పోతున్న మనిషి పక్కన కూర్చొని చెవిలో యేసు పేరు చెప్పింది ఆయన. వాళ్లలో చాలామందికి పెద్ద చదువులు లేవు, చాలీచాలని జీతం. అయినా వాళ్లకు క్రీస్తు తెలుసు.

ఆ ఆఖరి మాట గురించే ఈ సాయంత్రం మాట్లాడతాను.

మనకు క్రీస్తు గురించి తెలిసింది తక్కువేమీ కాదు. జ్ఞానస్నానం పొందాం, దివ్యసత్ప్రసాదం తీసుకుంటున్నాం, తపస్సుకాలంలో సిలువమార్గం చేస్తున్నాం. ఏటా ఫిబ్రవరి 11న లూర్దుమాత పండుగకు గుణదల కొండకు పోతున్నాం. మొక్కులు మొక్కుతున్నాం, తీర్చుకుంటున్నాం. మొక్కును తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. బిడ్డ జ్వరంతో కాలిపోతుంటే తల్లి మొక్కుకోక ఏం చేస్తుంది? ఆ మొక్కులో ప్రేమ ఉంది, నమ్మకం ఉంది. అయితే ఎన్నాళ్లూ మనమే అడుగుతూ, ఆయన ఇస్తూ, పని అయ్యాక మనం వెళ్లిపోతూ ఉంటే ఆ చుట్టరికం ముదరదు. ఆయన కూడా మనల్ని ఏదో అడగాలి. అది వినడానికి మనం కాసేపు ఆగాలి.

యోహాను సువార్త నాలుగో అధ్యాయం నల్గొండ వాళ్ల కోసమే రాసినట్టు ఉంటుంది. మిట్టమధ్యాహ్నం, యాకోబు బావి. నడిచి నడిచి అలసిపోయిన యేసు బావి గట్టు మీద కూర్చున్నాడు. శిష్యులు తిండి కొనడానికి ఊళ్లోకి పోయారు. ఒక సమరియ స్త్రీ కడవతో ఒంటరిగా వచ్చింది. ప్రభువు ఆమెకు మొదట ఏ బోధా చేయలేదు. తాగడానికి నీళ్లిమ్మని అడిగాడు.

మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి వైపు వాళ్లకు ఈ అడగడంలోని బరువు విడమరచి చెప్పక్కర్లేదు. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. ఆ హద్దు దాటిన బోరు నీళ్లే తాగి, ఒకటి రెండు తరాల పళ్లు గారపట్టాయి, కాళ్లు వంకర్లు తిరిగాయి, నడుములు వంగిపోయాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్గొండ పేరే పెట్టింది. మనకు దక్కిన కీర్తి అటువంటిది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. అయినా ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టి ఎండలో నిలబడ్డ అమ్మలు ఈ సభలోనే ఉన్నారు. అలా మోసుకొచ్చిన బిందెలోంచి ఒక చెంబు ఇవ్వమని ఎవరైనా అడిగితే అది చిన్న అడుగుడు కాదని వాళ్లకు తెలుసు.

ఆ స్త్రీ వెంటనే ఇవ్వలేదు. నువ్వు యూదుడివి, నేను సమరియ దాన్ని, నన్ను ఎట్లా అడుగుతున్నావని నిలదీసింది. ఆ రెండు జాతుల మధ్య పొత్తులు లేవని సువార్తికుడే చెప్తాడు. ఒకరి పాత్రలో ఒకరు తాగరని కూడా వ్యాఖ్యాతలు చెప్తారు. హోటల్లో వేరుగా పెట్టిన గ్లాసులో చాయ్ తాగిన తాతలున్న మనకు అది దూరదేశపు ఆచారంగా తోచదు. ప్రభువు ఆ గీతను దాటి ఆమె పాత్రలో నీళ్లడిగాడు. వరమిచ్చే చేతిని చూపే ముందు, ఇవ్వమని అడిగే చేతిని చాపాడు. నన్ను అడిగితే, క్రీస్తుతో సొంత అనుబంధం అక్కడ మొదలవుతుంది: నా దగ్గర ఆయనకు కావలసింది ఏదో ఉందని నేను నమ్మిన చోట. జీవితమంతా నీ దగ్గరేముంది అనిపించుకున్న మనిషికి ఇది ఎంత పెద్ద మాటో ఆలోచించండి.

తరువాత వాళ్లిద్దరి మాటలు ఎన్ని మలుపులు తిరిగాయో చూడండి. నీళ్ల దగ్గర మొదలై ఆమె ఇంటి సంగతికి వచ్చాయి, అయిదుగురు భర్తల సంగతికి వచ్చాయి, ఏ కొండ మీద ఆరాధించాలన్న తగువుకు వచ్చాయి. ఆమె వాదించింది, దాటవేసింది, మళ్లీ అడిగింది. ఆయన విసుక్కోలేదు. మన ప్రార్థన ఇలా ఉంటుందా? పుస్తకంలోని జపం చదివి, సిలువగుర్తు వేసుకుని, అసలు గుండెలో ఉన్నది చెప్పకుండానే లేచిపోతాం. అప్పు సంగతి, అల్లుడి తాగుడు సంగతి పక్కింటి అక్కకు చెప్పుకున్నంత వివరంగా ప్రభువుకు చెప్పుకోం. ఆయనకు గ్రాంథికమే వస్తుందని అనుకుంటామేమో! 1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ ఆరాధనలో ప్రజల భాషలకు తలుపు తెరిచింది. పూజ తెలుగులోకి వచ్చింది. మన ఇంటి మాట, పాలమూరు యాస, నల్గొండ యాస మన సొంత ప్రార్థనలోకి ఇంకా పూర్తిగా రాలేదు.

పనుల్లో తీరిక ఎక్కడిదని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెల్ మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన ఉండేవాడు. గురువు కాదు, వంటవాడు. తరువాత చెప్పులు కుట్టాడు. గిన్నెల చప్పుడు నడుమ కూడా తాను దేవుని సన్నిధిలోనే ఉన్నానని, మోకాళ్ల మీద ఉన్నప్పటికీ పొయ్యి దగ్గర ఉన్నప్పటికీ తనకు తేడా లేదని ఆయన చెప్పుకున్నాడు. అవిలా తెరెసమ్మ కూడా ప్రార్థనను మనల్ని ప్రేమించేవాడితో తరచూ ఏకాంతంగా చేసే స్నేహ సంభాషణగానే చూసింది. పత్తి ఏరే చేతికి, నాటు వేసే చేతికి ఇది అందనిది కాదు. సాలు మొదట్లో ఒక మాట, సాలు చివర ఒక మాట. ప్రభువా, ఎండ ఎక్కువైంది. ప్రభువా, పక్క సాలులో ఆమెతో నిన్న తగువాడిన, ఏం చేయమంటావు? ఆ రెండో మాట అడిగినప్పుడు జాగ్రత్త. ఆయన జవాబు చెప్తాడు. చాలాసార్లు మనకు నచ్చని జవాబే చెప్తాడు.

వలస వెళ్లినవాళ్ల గురించి చెప్పకుండా పాలమూరు విశ్వాసం గురించి మాట్లాడలేం. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబైకి, పుణెకు, ఎక్కడ డ్యామో కాలువో భవనమో లేస్తుంటే అక్కడికి పోయే కుటుంబాలు మనవి. రేకుల షెడ్డులో ఉంటారు, ఆదివారం కూడా పని ఉంటుంది. దగ్గర్లో గుడి ఉన్నా భాష రాదు. పూజకు రాలేదని వాళ్లను తప్పుపట్టే ముందు, వాళ్లు వెళ్లేటప్పుడు చేతికి ఏమిచ్చి పంపామని విచారణలు తమను తాము అడగాలి. సువార్త చదివే అలవాటు, సత్ప్రసాదం అందనప్పుడు ప్రభువును మనసులోకి పిలుచుకునే ఆత్మీయ స్వీకారం, రాత్రి పడుకునే ముందు ఆ రోజును ఆయన ముందు పరిచి చూసుకునే అలవాటు: ఈ మూడూ నేర్పి పంపితే షెడ్డులో కూడా వాళ్లకు క్రీస్తు పరాయివాడు కాడు. చివరిది పునీత లొయోలా ఇన్యాసి తన సహచరులకు నేర్పిన సాధన. పది నిమిషాలు చాలు.

ఇంకొక నొప్పి ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు దళితుడు క్రైస్తవుడైతే షెడ్యూల్డు కులాల హక్కు లేదంటుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు, మనకు తెరవలేదు. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద దక్కేది ఒక్క శాతం. అందుకే ఎన్నో ఇళ్లలో సర్టిఫికెట్ మీద ఒక పేరు, గుడిలో ఒక పేరు. 2022 మే 15న పునీతుడైన దేవసహాయం గారిని ఉదాహరణగా చూపి ఈ పేదలను గద్దించేవాళ్లు ఉన్నారు. ఆయన తిరువాన్కూరు రాజ్యంలో ఉద్యోగి, 1745లో జ్ఞానస్నానం పొంది 1752లో ప్రాణమిచ్చాడు. ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కుతాను. కానీ బిడ్డ కాలేజీ సీటు కోసం పేరు దాచుకునే తల్లిని గద్దించే అధికారం నాకు లేదు. ఆమె మనసులో జరిగే పెనుగులాట ప్రభువుకు తెలుసు. ఆమె దాన్ని ఆయనకే చెప్పుకోవాలి. మార్చవలసింది ఆ ఉత్తర్వును. దాని కోసం కొట్లాడటం కూడా మన భక్తిలో భాగమే.

క్రీస్తుతో సొంత అనుబంధం అంటే నేనూ ఆయనా, మధ్యలో ఎవరూ వద్దు అనుకునేవాళ్లకు ఒక మాట. 2016 డిసెంబరులో భారత కథోలిక మేత్రాణులు దళితుల సాధికారత విధానం వెలువరిస్తూ, సభలో కులవివక్ష ఉందని ఒప్పుకున్నారు. 2022లో మన పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు. ప్రపంచంలోనే ఆ స్థానానికి చేరిన తొలి దళితుడు ఆయన. అది మనందరికీ గర్వం. అయినా ఒకే బల్ల దగ్గర ప్రభు శరీరం తీసుకుని, పెళ్లి సంబంధం దగ్గరా సమాధుల దొడ్డి దగ్గరా కులం లెక్క తీసేవాళ్లు మనలో ఉన్నారు. సమరియ స్త్రీ పాత్రలో నీళ్లడిగిన ప్రభువు వాళ్లకు ఇంకా పరిచయం కాలేదని నేను స్పష్టంగా అంటాను. ఆదివారం ఎంత ముందు వరుసలో కూర్చున్నా సరే.

మళ్లీ ఆ అధ్యాయానికి వస్తాను, ఎందుకంటే దాని ముగింపు ఉపదేశుల కథ. ఆ స్త్రీ కడవ అక్కడే వదిలి ఊళ్లోకి పరుగెత్తింది. ఆమె మాట విని ఊరివాళ్లు వచ్చారు. ప్రభువు వాళ్ల దగ్గర రెండు రోజులున్నాడు. అప్పుడు వాళ్లు ఆమెతో, ఇక నీ మాటను బట్టి కాదు, మేమే స్వయంగా విన్నామన్నారు. ఆమెకు అది చిన్నతనం కాలేదు, ఆమె పని నెరవేరింది. మన ఉపదేశులు కోరుకున్నదీ అదే. మనం మాత్రం చాలామందిమి ఇంకా వాళ్ల మాట దగ్గరే ఆగిపోయాం. తాత చెప్పాడు కాబట్టి, అమ్మ తీసుకెళ్లింది కాబట్టి గుడికి పోతున్నాం. 2013లో ఫ్రాన్సిస్ పోపుగారు ఒక పెద్ద లేఖలో ప్రతి క్రైస్తవుణ్నీ ఈ రోజే యేసును మళ్లీ స్వయంగా కలుసుకొమ్మని కోరారు. గురువులనే కాదు, ప్రతి ఒక్కరినీ.

నేను కోరేది రెండే. ఈ వారం మీ ఇంట్లో టీవీ ఆపేశాక యోహాను నాలుగో అధ్యాయం పైకి చదవండి. చదువు రాని పెద్దవాళ్లుంటే పిల్లలతో చదివించండి. చదివాక కాసేపు ఊరుకోండి. ఆయన మిమ్మల్ని ఏమడుగుతున్నాడో విని, మీ మాటల్లో జవాబు చెప్పండి. రెండోది: మీ ఊళ్లో బతికున్న ముసలి ఉపదేశి ఇంటికి పోండి, ఉత్త చేతులతో పోకండి. యేసుతో మీరు ఎట్లా మాట్లాడేవారని అడిగి, ఆయన చెప్పింది చెప్పినట్టు ఒక నోటుబుక్కులో రాసి విచారణ గురువుకు ఇవ్వండి. వాళ్లు చాలా తక్కువమంది మిగిలారు, ఆలస్యం చేయకండి.