తలుపు మీద రేకుబిళ్ళ
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



శానిటరీ ఇన్‌స్పెక్టరు అనగానే మనకు బ్లీచింగ్ పౌడరు, మురుగుకాలవ జ్ఞాపకం వస్తాయి. ఏడవ ఎడ్వర్డు రాజ్యం చేసిన 1901-1910 నాటి బ్రిటన్‌లో ఆయన పని అంతకంటే చాలా పెద్దది. పాయిఖానాలు, పెంటకుప్పలు, అంగట్లో మాంసం, అంటువ్యాధి సోకిన ఇల్లు, అన్నీ ఆయనే చూడాలి. ముందు నోటీసు, వినకపోతే కోర్టు.

గ్లాస్గో నగరం సంగతి చెప్పుకుందాం. ఓడలూ రైలింజన్లూ తయారుచేసి లోకానికి అమ్మిన ఊరు అది. పనివాళ్ళేమో ఒకటి రెండు గదుల్లో కిక్కిరిసి బతికేవారు. 1862 నాటి చట్టం ప్రకారం చిన్న ఇళ్ళను కొలిచి, లోపల ఎన్ని ఘనపుటడుగుల చోటుంది, ఎంతమంది ఉండవచ్చు అని తలుపుకు రేకుబిళ్ళ కొట్టేవారు. మొదట్లో పెద్దవాళ్ళకు తలకి 300 ఘనపుటడుగులు, ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు అందులో సగం. ఆ పద్ధతి ఎడ్వర్డు కాలంలోనూ సాగింది. లెక్క సరిచూడటానికి ఇన్‌స్పెక్టర్లు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టేవారు. మరి పగలు వస్తే పడుకునేవాళ్ళు దొరుకుతారా? చప్పుడు వినగానే జనం మంచాల కింద, అల్మారాల్లో, ఇంటికప్పు మీద కూడా దాక్కునేవారట. పట్టుబడితే జరిమానా.

గాలాడని గదిలో పదిమంది పడుకుంటే క్షయ వ్యాపిస్తుంది, నిజమే. కాని ఇంకో గదికి అద్దె కట్టే స్తోమతు ఉంటే ఆ పదిమందీ అక్కడ ఎందుకు పడుకుంటారు? బిళ్ళ కొట్టినంత తేలిగ్గా ఇల్లు కట్టలేరు కదా! పేదవాడి నిద్ర చెడగొట్టిన ఆ పద్ధతి మాకు సగం న్యాయంగానే తోస్తుంది.

పసిబిడ్డల విషయంలో మాత్రం వేరే దారి పట్టారు. 1899లో ఇంగ్లండు, వేల్సులలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో సుమారు 163 మంది ఏడాది నిండకుండానే పోయారు. ఎండాకాలపు విరేచనాలు పెద్ద కారణం. పొడుగాటి రబ్బరు గొట్టం ఉన్న పాలసీసా ఒకటి అప్పట్లో వాడేవారు. ఆ గొట్టం లోపల ఎంత కడిగినా శుభ్రం కాదు. ఇక్కడున్న అమ్మలకు వేరే చెప్పక్కరలేదు. అయితే బాలింత దగ్గరకు మగ ఇన్‌స్పెక్టరు వెళ్ళి ఏమని అడుగుతాడు? లండనులోని కెన్సింగ్టన్‌లో 1893లోనే ఆడవాళ్ళను ఇన్‌స్పెక్టర్లుగా వేసుకున్నారు. తర్వాత అనేక ఊళ్ళలో ఆడ ఉద్యోగులు ఇల్లిల్లూ తిరిగి పాలు ఎలా మూతపెట్టాలో, సీసా ఎలా కాచాలో చూపించారు. 1910 నాటికి ఆ 163 సుమారు 105కు దిగింది. అంతా వాళ్ళ చలవేనని మేము అనము, వేరే కారణాలూ ఉన్నాయి.

అసలు ఏ ఇంట్లో బిడ్డ పుట్టిందో తెలియాలి కదా. అందుకు 1907లో చట్టం చేశారు, 36 గంటల్లో ఆరోగ్యాధికారికి కబురందాలని. మొదట ఇష్టమైన ఊళ్ళే దాన్ని అమలుచేశాయి. 1915లో అన్ని ఊళ్ళకూ తప్పనిసరి అయింది.