పిల్లల వయసు – మన తొందర, మన ఆలస్యం
(తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



మన తల్లులు పాస్టరు ఇంటికి వచ్చి చెప్పుకొనే మాట ఒకటి ఉన్నది. "అయ్యగారూ, మా పిలగాడు ఒక్క జాగల కూసోడు. చెప్పింది చెవికెక్కదు. బడిల దెబ్బలు తింటుండు. ఏ గాలి సోకిందో, ప్రార్థన చెయ్యుండ్రి." ప్రార్థన చేయవలసినదే. కాని దానితోపాటు అడుగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది: అమ్మా, వానికి ఎన్నేండ్లు?

వైద్యులు ఏ.డి.హెచ్.డి. అని పిలిచే ఈ అవధాన లోపమును గుర్తించుటలో వయసు ముఖ్యమైన కొలబద్ద. మూడేండ్ల బిడ్డ గెంతులు వేయుట రోగము కాదు, బాల్యము. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2011లో ఇచ్చిన సూచనలు 4 ఏండ్ల వయసు నుండే మొదలవుతాయి. లక్షణాలు 7 ఏండ్ల లోపు కనబడాలని ఆ దేశపు మనోవైద్యుల సంఘం 1980లో నియమం పెట్టింది. 2013లో దానిని 12 ఏండ్లకు పెంచింది. అవి కనీసం 6 నెలలపాటు, ఇంటిలోను బడిలోను, రెండు చోట్ల కనబడవలెను.

ఇక్కడ మన తొందర ఒకటి, ఆలస్యం ఒకటి.

తొందర ఏమిటి? మన పల్లెల్లో బడి రిజిస్టరులోని పుట్టిన తేదీ చాలామార్లు అంచనాగా వ్రాసినదే. అయిదేండ్లవాడు ఏడేండ్లవాని ప్రక్కన కూర్చుంటే అల్లరివానిగానే కనబడును. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో జరిపిన పరిశోధన 2012లో వెలువడింది. అక్కడ తరగతిలో అందరికంటె చిన్నవారైన డిసెంబరు మగపిల్లలకు, జనవరిలో పుట్టినవారికంటె 30 శాతం ఎక్కువగా ఈ పేరు పెట్టారు. కనుక అసలు వయసు తెలియక ముద్ర వేయరాదు.

మరి ఆలస్యం? అల్లరి చేయక, కిటికీవైపు చూస్తూ పాఠం మరచిపోయే ఆడపిల్లను ఎవరూ గమనించరు. పాలమూరు నుండి ముంబై, పుణె పనులకు, దేవరకొండ తండాల నుండి పట్నానికి పోయే కుటుంబాల పిల్లలను ఒకే ఉపాధ్యాయుడు 6 నెలలు చూడడమే అరుదు. చివరకు పదవ తరగతి తప్పినాక "వీనికి చదువు రాదు" అని పనిలో పెడతాము. పదేండ్ల క్రిందట దొరకవలసిన సహాయం అప్పటికి చేజారిపోయింది.

ఇది తల్లి పెంపకంలో లోపం కాదు, దయ్యం కాదు. చాలామట్టుకు వంశములో వచ్చేది. దెబ్బలతో కుదరదు. ఆరేండ్లలోపు వారికి మందుకంటె ముందు తల్లిదండ్రులకు శిక్షణ ఇస్తారు: చిన్న పని ఒక్కటే చెప్పుట, చేసిన వెంటనే మెచ్చుకొనుట. పెద్ద పిల్లలకు అవసరమైతే డాక్టరే మందు నిర్ణయిస్తాడు.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో 18 ఏండ్ల వరకు పిల్లలను పరీక్షించే జాబితాలో ఈ లోపము కూడ ఉన్నది. ఆరోగ్య బృందం అంగన్‌వాడీకి, సర్కారు బడికి వచ్చిన దినమున బిడ్డ సంగతి దాచక చెప్పండి. వలస పోయేవారు బడిలో సార్లు గమనించినది ఒక కాగితముపై వ్రాయించుకొని వెంట తీసికొనిపోండి.

సండే స్కూలు ఉపాధ్యాయులారా, వారమువారము అదే బిడ్డను చూచేది మీరు. రెండవ, మూడవ తరగతి వయసులోనే ఆ తల్లికి నెమ్మదిగా చెప్పండి. బిడ్డను నలుగురిలో నిలబెట్టకండి. మోకాళ్లూని ప్రార్థించిన తల్లి లేచి డాక్టరు వద్దకు వెళ్లుట అవిశ్వాసము కాదు. బిడ్డ చదువు ఆగకముందే ఆమెకు తోడుగా నడచుట మన సంఘపు బాధ్యత.