బండి ఆపమనే హక్కు
(స్వర్ణోత్సవాల రెండో రోజు, ఆదివారం సాయంత్రం సభలో చేసిన ప్రసంగం)

 

మన కార్యదర్శి నన్ను "అన్నయ్యా, మీ ఉద్యోగ అనుభవాలు ఒక పది నిమిషాలు చెప్పండి" అన్నాడు. నేను ఆర్టీసీలో చేసి రిటైరయినవాణ్ణి. అందులో చాలా ఏళ్ళు డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే పని. అనుభవాలు చాలానే ఉన్నాయి గానీ, ఇందాక గ్రౌండులో కార్లు చూశాక మనసు మార్చుకున్నాను. తెలంగాణ నంబర్లు, కర్ణాటక నంబర్లు, తమిళనాడు నంబర్లు. రేపు సోమవారం. పిల్లలకు స్కూళ్ళు, మీకు ఆఫీసులు. భోజనాలయ్యాక ఈ రాత్రే బయల్దేరేవాళ్ళు సగం మందికి పైగా ఉన్నారని తెలిసింది. అందుకని ఆ ప్రయాణం గురించే మాట్లాడతాను.

మా రోజుల్లో తెనాలి, రేపల్లె, బాపట్ల మూడూ గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4 నుంచి తెనాలి ఒక జిల్లా, తక్కిన రెండూ ఇంకో జిల్లా అయ్యాయి. జిల్లాలు మారినా మన రాకపోకలు మారలేదు. రేపల్లె వైపు నుంచి మేము పొద్దున్నే రైలెక్కి భట్టిప్రోలు, వేమూరు మీదుగా ఈ బడికి వచ్చేవాళ్ళం. బాపట్ల పిల్లలు నిడుబ్రోలు మీదుగా వచ్చేవాళ్ళు. ఉద్యోగాలకు హైదరాబాదు చేరాక సొంతూరు రావాలంటే రాత్రి డెల్టా ఎక్కి పడుకోవడమే. తెల్లారేసరికి తెనాలి. మనం గుర్రు పెట్టి నిద్రపోయాం, నడిపేవాడు మేలుకున్నాడు. ఆ డ్రైవరు పగలు విశ్రాంతి తీసుకుని డ్యూటీ ఎక్కినవాడు. ఇప్పుడు ఇంటింటికీ కారు వచ్చింది, ఆ డ్రైవరు సీటులో మనమే కూర్చుంటున్నాం. కూర్చునే ముందు అతను పడుకున్న పగటి నిద్ర మాత్రం మనకు లేదు.

లెక్క చెబుతాను. పొద్దున ఆరింటికి లేచిన మనిషికి రాత్రి పదకొండయ్యేసరికి మెలకువ పదిహేడు గంటలు. 1997లో ఆస్ట్రేలియాలో ఇద్దరు శాస్త్రవేత్తలు దీని మీద పరీక్షలు చేశారు. పదిహేడు గంటలు మేలుకున్న మనిషి చెయ్యీ కన్నూ పనిచేసే తీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి తీరుతో సమానంగా ఉందని తేల్చారు. మన చట్టంలో బండి నడిపేవాడికి హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. ఆఫీసు చూసుకుని, సామాన్లు సర్ది, పది గంటలకు ఎల్బీ నగర్ దాటిన తండ్రి పదకొండింటికి ఎక్కడుంటాడు? పంతంగి టోల్‌గేటు దగ్గర. చుక్క ముట్టని మనిషి కూడా అక్కడికే తాగినవాడితో సమానం. ఇంకా సూర్యాపేట రాలేదు, కోదాడ రాలేదు, కృష్ణ దాటలేదు.

డ్యూటీ డ్రైవరుకి చట్టం ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అనేది, అయిదు గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి అనేది. దూరాభారం సర్వీసుకి ఇద్దరు డ్రైవర్లను వేస్తాం. తండ్రికి ఏ చట్టమూ లేదు, రెండో డ్రైవరూ లేడు. పైగా "ఒక్క రాత్రేగా" అనే ధీమా.

రాత్రి డ్యూటీ డ్రైవర్లను ఎవర్ని అడిగినా ఒకటే చెబుతారు: రెండింటి నుంచి అయిదింటి దాకా గండం. శరీరం గడియారం అప్పుడు పూర్తిగా కిందికి దిగి ఉంటుంది. కన్ను తెరిచే ఉంటుంది, మెదడు మూడు నాలుగు సెకన్లు ఆరిపోతుంది. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే వంద మీటర్లు. ఈ గ్రౌండు ఈ చివర నుంచి ఆ చివరికి కళ్ళు మూసుకుని బండి తోలినట్టు. ఆ కునుకు పట్టిన సంగతి పట్టినవాడికి తెలియదు. నేను ఎందరినో అడిగాను, "నిద్రపోలేదండీ, కళ్ళు తెరిచే ఉన్నాను" అనేవాళ్ళే అందరూ. అబద్ధం చెప్పడం లేదు పాపం, వాళ్ళకు నిజంగా అలాగే అనిపించింది.

బాపట్ల వాళ్ళు కొందరు నార్కట్‌పల్లి దగ్గర తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ళ మీదుగా అద్దంకి దారి పట్టుకుంటారు. 2018 ఆగస్టు 29 తెల్లవారుజామున నందమూరి హరికృష్ణ గారు తానే కారు నడుపుతూ ప్రాణం పోగొట్టుకున్నది ఆ దారిలోనే, నల్గొండ దగ్గర అన్నేపర్తిలో. నిద్రే కారణమని నేననను. బండి నడపడం బాగా వచ్చినవాళ్ళకు కూడా రోడ్డు మినహాయింపు ఇవ్వదని చెప్పడానికి గుర్తు చేశాను.

అద్దాలు దించుకుంటాం, పాటలు గట్టిగా పెట్టుకుంటాం, మొహం కడుక్కుంటాం అంటారు. అవన్నీ పది నిమిషాల ముచ్చట. పనిచేసేవి రెండే: కాఫీ, కునుకు. రెండూ కలిపితే ఇంకా మేలు. కాఫీ తాగగానే సీటు వెనక్కి వాల్చి పావుగంట, ఇరవై నిమిషాలు పడుకోవాలి. కాఫీ తలకెక్కడానికి అంత సమయం పడుతుంది కాబట్టి లేచేసరికి రెండూ కలిసొస్తాయి. లేచిన వెంటనే తాళం తిప్పకండి, పది నిమిషాలు అటూ ఇటూ నడవండి. పడుకునేటప్పుడు వెలుతురున్న పెట్రోలు బంకులో, ఇంజను ఆపి, అద్దం కాస్త దించి పడుకోండి. దోమలు కుడతాయి. కుట్టనివ్వండి. ఇంకొకటి, జలుబు మాత్ర వేసుకుని స్టీరింగు పట్టుకోకండి. వాటిలో చాలావాటికి మత్తు ఉంటుంది.

ఇక పిల్లల సంగతి. చంటిపిల్లలతో ప్రయాణమంటే అందరం జాగ్రత్తపడతాం. పిల్లలకు పదమూడు, పదహారు వచ్చేసరికి "వాళ్ళు పెద్దవాళ్ళయ్యారుగా, ఇక ఇబ్బంది లేదు" అని రాత్రి ప్రయాణం పెట్టుకుంటాం. ఆ పెద్దవాళ్ళేం చేస్తారు? చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో ఫోను, కాసేపటికి నిద్ర. వెనక సీట్లో వాళ్ళమ్మ కూడా అలిసిపోయి పడుకుంటుంది. అయిదుగురున్న కారులో మేలుకున్నవాడు ఒక్కడు, వాడూ సగమే.

ఆ పిల్లలకు పని చెప్పండి అంటాను నేను. ఈ వయసు వాళ్ళ శరీరం గడియారం మనకన్నా ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి పన్నెండైనా వాళ్ళకు చటుక్కున నిద్ర రాదు. ఇంట్లో దానికే తిడతాం కదా! కారులో అదే అక్కరకొస్తుంది. పెద్ద పిల్లనో పిల్లవాణ్ణో ఒంటిగంట దాకా ముందు సీట్లో కూర్చోబెట్టండి. పన్నెండేళ్ళు దాటనివాళ్ళు మాత్రం వెనకే. ఆ మూడు గంటలూ తల్లి వెనక నిద్రపోవాలి. ఒంటిగంటకు ఆమె ముందుకొస్తుంది, పిల్లలు పడుకుంటారు. తెల్లవారుజామున మూడింటికి పదహారేళ్ళ పిల్లను నిద్ర లేపి కాపలా పెడితే ఆ పిల్ల మనకంటే ముందు తూగుతుంది. కారు నడపడం వచ్చిన ఇల్లాలైతే స్టీరింగే ఇవ్వొచ్చు. అంతేగానీ, ఖాళీ రోడ్డే కదా అని పదిహేడేళ్ళవాడికి ఇవ్వకండి. 2019 సవరణ తర్వాత ఆ తప్పుకి తండ్రికి పాతికవేల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు.

ముందు సీట్లో కూర్చున్న పిల్లకు పని ఏమిటంటే, దారి చూడటం కాదు, దారి ఫోను చెబుతుంది. నాన్నను చూడటం. మాటకు జవాబు ఆలస్యమవుతోందా, బండి తెల్లగీత తొక్కుతోందా, వేగం పెరుగుతూ తగ్గుతూ ఉందా, మాటిమాటికీ మొహం రుద్దుకుంటున్నాడా. వీటిలో రెండు కనబడితే "నాన్నా, బండి ఆపు" అనాలి. అన్నాక వాదన ఉండకూడదు. వచ్చే బంకు దగ్గర ఆపాల్సిందే. ఈ ఒప్పందం బండి ఎక్కకముందే ఇంట్లో జరగాలి, నడిరోడ్డు మీద కుదరదు.

మా అబ్బాయి బెంగళూరు నుంచి వస్తాడు. చిత్తూరు, తిరుపతి, నాయుడుపేట, నెల్లూరు, ఒంగోలు, అక్కణ్ణించి చీరాల, బాపట్ల మీదుగా రేపల్లె. సుమారు ఆరేడు వందల కిలోమీటర్లు. మొన్న సంక్రాంతికి రాత్రి ఎనిమిదింటికి బయల్దేరాడు. నాయుడుపేట దగ్గరికి వచ్చేసరికి ఒంటిగంటన్నర. మా మనవరాలు ముందు సీట్లో ఉంది, ఇంకా వాళ్ళమ్మను లేపలేదు. "తాతయ్య మందులు బ్యాగులో పెట్టావా?" అని వీడు అడిగాడట. పెట్టానంది. నాలుగు నిమిషాలకు మళ్ళీ అదే మాట, అదే గొంతుతో. "నాన్నా, ఆపు" అంది. "నేను బాగానే ఉన్నానే!" అన్నాడు వీడు. "బాగున్నావో లేదో చెప్పేది నువ్వు కాదుగా, అదేగా ఒప్పందం" అంది. విసుక్కుంటూనే బంకులో ఆపాడు, ఇరవై నిమిషాలని పడుకున్నాడు. లేచేసరికి అయిదు. వాళ్ళమ్మ లేపనివ్వలేదట. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరారు, మా ఆవిడ పొద్దున వేసిన గారెలు చల్లారిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు.

ఈ పద్ధతిలో నాకు అంతకన్నా నచ్చేది ఇంకొకటి ఉంది. పగలు ఏదడిగినా "ఆ", "ఊ" అని తలుపేసుకునే వయసు పిల్లలు రాత్రి కారులో మాట్లాడతారు. చీకటి, ఎవరి మొహం ఎవరికీ కనబడదు, ఇద్దరూ రోడ్డు వైపే చూస్తుంటారు. ఇంటర్మీడియట్‌లో ఆ గ్రూపు ఇష్టం లేదని మా మనవడు వాళ్ళ నాన్నకు చెప్పింది అలాంటి రాత్రే, కావలి దాటాక. ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే చెప్పేవాడు కాదు.

బెల్టు సంగతి చెప్పకపోతే నా ఉద్యోగానికి అన్యాయం. వెనక సీటుకీ బెల్టు తప్పనిసరి. 2022 సెప్టెంబరు 4న టాటా సంస్థల మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయింది వెనక సీట్లోనే, బెల్టు లేకుండా. పొడుగు పిల్లలు సీటు మీద అడ్డంగా పడుకుంటారు, ముందు కూర్చుంటే కాళ్ళు డాష్‌బోర్డు మీద పెడతారు. రెండూ వద్దు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ కాళ్ళు దక్కవు. నిద్రపోవాలంటే మెడకింద దిండుతో, బెల్టుతో, కూర్చునే పోవాలి.

చివరి ముప్ఫయి కిలోమీటర్లు. నా ఉద్దేశంలో ప్రయాణం మొత్తంలో ప్రమాదమైనది ఇదే. హైవే మీద బిగబట్టిన మనిషి దుగ్గిరాల బోర్డు చూడగానే "వచ్చేశాం" అని వదులైపోతాడు. మన దారులేమో ఒక పక్క కాలువ, ఇంకో పక్క పంటబోదె. జనవరిలో మంచు, ముందు గడ్డి ట్రాక్టరు, దానికి వెనక లైటుండదు. మంచులో పెద్ద లైటు వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనబడదు, చిన్న లైటు వేసి మెల్లగా రండి. తెల్లవారుతుంటే పిల్లల్ని లేపి కూర్చోబెట్టండి. కాలువ కట్ట ఎటుందో వాళ్ళు చూసి చెబుతారు. మనం ఈత నేర్చుకున్న కాలువలు వాళ్ళకు చూపించినట్టూ ఉంటుంది.

ఇవాళ్టి మాటకొస్తాను. మధ్యాహ్నం హెడ్మాస్టరు గారిని అడిగాను, కాదనలేదు. ఎనిమిదో తరగతి గదులు రెండూ ఊడిపించి చాపలు, దిండ్లు వేయించారు. ఆడవాళ్ళకు ఒకటి, మగవాళ్ళకు ఒకటి. తెల్లవారుజామున నాలుగున్నరకు మన సంఘం తరఫున టీ ఉంటుంది. అప్పుడు బయల్దేరితే హైదరాబాదు వాళ్ళు పదకొండు లోపల చేరతారు. ఒక పూట సెలవు పోతుంది, పోనివ్వండి. కాదూ, రాత్రికే వెళ్ళాలి అనేవాళ్ళు పిల్లలతో ఆ ఒప్పందం ఇప్పుడే, నా ముందే చేసుకుని మరీ బండెక్కండి. హైవే మీద ఏ ఇబ్బంది వచ్చినా 1033, అంబులెన్సుకి 108.

విస్తళ్ళు వేస్తున్నట్టున్నారు, లేద్దాం. బండి తోలేవాళ్ళు పెరుగన్నం కాస్త తగ్గించుకోండి.