ఫోటో వెనుక పేర్లు వ్రాయండి

(మన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. రికార్డు రూములో దుమ్ము దులుపుకుంటూ సర్వీసు గడిపిన గుమాస్తాను. పాత ఫోటోల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. నాకు తెలిసిన ఒక్క ఫోటో గురించే చెబుతాను.

ఈ తరం పిల్లలకు కర్నూలు ఒకప్పుడు రాజధాని అంటే నవ్వులాటగా ఉంటుంది. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారు మద్రాసులో ప్రాణత్యాగం చేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. నెహ్రూగారు కర్నూలు వచ్చి ప్రారంభించారు. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడిక మాట ప్రకారం రాజధాని రాయలసీమకు, మరుసటి ఏడు హైకోర్టు గుంటూరుకు వచ్చాయి. రాజధాని అయితే వచ్చింది గాని, దానికి తగ్గ భవనాలు ఊళ్ళో లేవు. కాబట్టి గుడారాలు వేశారు. ఆఫీసులూ అందులోనే, కాపురాలూ అందులోనే.

మా నాన్నగారు మద్రాసు సెక్రటేరియట్ నుంచి ఆప్షను ఇచ్చి కర్నూలు వచ్చిన గుమాస్తా. అప్పటికి నాకు నాలుగేళ్ళు. గాలి వీస్తే గుడ్డ టపటప కొట్టుకోవడం, అన్నంలో ఇసుక తగలడం, అంతే నాకు గుర్తు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు పోయింది. నాన్నగారు మాత్రం జిల్లా ఆఫీసుకు మార్పించుకుని ఇక్కడే ఉండిపోయారు.

ఇంట్లో ట్రంకుపెట్టె నిండా ఫోటోలుండేవి. 2009 అక్టోబరు మొదట్లో తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చిన సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నీళ్ళు తీసాక పెట్టె తెరిస్తే ఫోటోలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి అట్టకట్టి ఉన్నాయి. తొందరపడి చేతులతో పీకాను. మా అమ్మ పెళ్ళినాటి ఫోటో ఊడివచ్చింది గాని, ఆమె ముఖం పై ఫోటో వెనుక అంటుకుపోయింది. అటువంటి వాటిని శుభ్రమైన నీళ్ళలో నానబెట్టి, వాటంతటవే విడిపోయాక నీడలో వెల్లకిలా ఆరబెట్టాలని తర్వాత ఒక స్టూడియో కుర్రవాడు చెప్పాడు. అమ్మ ముఖం తీసింది వరద కాదు, నేనే. ఈ మాట ఇంతవరకు మా పిల్లలతో కూడా అనలేదు.

దక్కిన కొద్దిపాటిలో గుడారం ఫోటో ఒకటి. కుర్చీలలో నలుగురు, వెనుక ఐదుగురు నిలబడి ఉన్నారు. అందులో నాన్నగారు ఒకరు. ఒక అంచున బిందెతో ఒక ఆమె, చంకలో పాప. "ఇది 1953, నెహ్రూగారు వచ్చిన వారం, వెనుక ఉన్నది మా గుడారమే" అని ఇంటికి వచ్చినవారందరికీ చూపించేవాణ్ణి. ఫోటో వెనుక ఒక్క అక్షరం లేదు.

రెండేళ్ళ క్రితం మన సమావేశానికి ఆ ఫోటో తెచ్చాను. ఫ్యామిలీ పెన్షను పనిమీద వచ్చిన ఒక సోదరి దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "సార్, ఆ బిందె పట్టుకున్నామె మా అమ్మ. మా నాయన అటెండరు. చంకలో ఉండే పాప నేనే. నేను పుట్టింది 1955లో" అన్నది. నా నోట మాట రాలేదు. 1955లో పుట్టిన పాప 1953 ఫోటోలో ఎట్లా ఉంటుంది?

అది ఆఫీసు హైదరాబాదు పోయేముందు దిగిన వీడ్కోలు ఫోటో అని వాళ్ళ అమ్మ చెప్పేదట. వెనుక ఉన్నది మా గుడారం కాదు, ఆనాటి షామియానా. మా నాన్నగారి ముఖంలో నేను ఇన్నాళ్ళూ చూసిన ఉత్సాహం కూడా మళ్ళీ చూస్తే ఉత్సాహంగా లేదు. తోటివారందరూ వెళ్ళిపోతుంటే ఉండిపోయిన మనిషి ముఖం అది.

ఎంతమందికి చూపించానో లెక్కలేదు. బిందె పట్టుకున్న ఆమె ఎవరని ఒక్కసారైనా అడగలేదు. చరిత్ర అంటే కుర్చీలలో కూర్చున్నవారిదేననుకున్నాను. తేదీ చెప్పింది మాత్రం అంచున ఉన్న పాప.

సోదరులారా, మనకు డిస్పోజల్స్ సంగతి తెలుసు. డి.డిస్. కాగితానికి పదేళ్ళు, ఆర్.డిస్. శాశ్వతం. మీ ఇంటి ఫోటోలకు ఆర్.డిస్. వేయండి. ఈ ఆదివారమే బయటికి తీయండి. మెత్తని పెన్సిలుతో, అదమకుండా, వెనుక పేర్లు, ఊరు, సంవత్సరం వ్రాయండి. తెలియకపోతే సంవత్సరం ఎదుట ప్రశ్న గుర్తు పెట్టండి, నాలాగ ఊహించి చెప్పకండి. అంచున నిలబడినవారి పేర్లు ముందు వ్రాయండి. అవి చెప్పగలిగినవారు మనలో తగ్గిపోతున్నారు.

నా ఫోటోకు తొమ్మిదిమందిలో ఆరుగురి పేర్లు, అటెండరు భార్య పేరు, పాప పేరు చేరాయి. మిగిలిన ముగ్గురి కోసం ఫోటోను ఈ రోజు వెనుక బల్లమీద పెట్టాను. భోజనాలకు వెళ్ళేముందు దయచేసి అందరూ ఒకసారి చూడండి.