లెక్క అడిగిన పత్రిక



ఈ రోజు మాట ఒక పత్రిక గురించి. ఆ పత్రిక పేరు గదర్. గదర్ అంటే తిరుగుబాటు. 1857లో మన సిపాయిలు ఇంగ్లీషు వాళ్ల మీద తిరగబడ్డారు. ఉత్తరాదిన దాన్ని గదర్ అనేవారు. ఆ పేరే ఈ పత్రికకు పెట్టారు.

ఇది ఢిల్లీలో పుట్టలేదు. మద్రాసులో పుట్టలేదు. సముద్రాలకు అవతల, అమెరికాలో, శాన్‌ఫ్రాన్సిస్కో అనే పట్నంలో పుట్టింది. 1913 నవంబరు 1న మొదటి సంచిక వచ్చింది. మొదట ఉర్దూలో వేశారు. ఆ తరువాత పంజాబీలో కూడా వేశారు.

అంత దూరాన పుట్టిన పత్రికతో సంగం ఆడవాళ్లకు ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. పని ఉంది. ఆ పత్రికను నడిపిన గదర్ పార్టీలో ఒక తెలుగాయన ఉన్నారు. ఆయన పేరు దర్శి చెంచయ్య. 1890లో కనిగిరిలో పుట్టారు. సంగం నుంచి కాలువ నీళ్లు పోయే కనిగిరి రిజర్వాయరు వేరు, ఈ కనిగిరి వేరు. ఇది మెట్ట ప్రాంతంలో ఉండే ఊరు. అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిసింది.

చెంచయ్య 1912లో అమెరికా వెళ్లారు. చదువుకోవాలని వెళ్లారు. అక్కడ మనవాళ్లు ఇంకా ఉన్నారు. ఎక్కువమంది పంజాబు నుంచి కూలికి పోయినవాళ్లు. కలప కోసే మిల్లుల్లో, రైలుకట్టల మీద, తోటల్లో పనిచేసేవారు. తెల్లవాడికి ఒక కూలి, వీళ్లకు అంతకంటే తక్కువ కూలి. పైగా, మీరు బానిస దేశం వాళ్లు అనే ఈసడింపు.

వాళ్లలో చాలామందికి చదువు రాదు. మరి పత్రిక ఎట్లా చదివారు?

పనులయ్యాక అందరూ ఒకచోట చేరేవారు. చదువొచ్చినవాడు పైకి చదివేవాడు. మిగతావాళ్లు వినేవారు. పాటలుంటే పాడుకుని కంఠతా పట్టేవారు. కొన్నవాడు ఒక్కడే చదివి పక్కన పెట్టేసే కాగితం కాదది. పదిమంది నోళ్లలో తిరిగే కాగితం.

ఆ పత్రికలో ఏముండేది? ముఖ్యంగా ఒక లెక్క ఉండేది. ఆ లెక్కకు కచ్చా చిట్టా అని పేరు. అంగడి చిట్టా అందరికీ తెలిసిందే గదా! చిట్టా చదవడం రాకపోతే అంగడివాడు చెప్పిందే బాకీ. చదవడం వస్తే, ఇదెందుకు రాశావని అడగవచ్చు. గదర్ పత్రిక ఇంగ్లీషు దొరలను అట్లాగే అడిగింది. మా దేశం సొమ్ము ఏటేటా ఎంత పట్టుకుపోతున్నారు? భూమి మీద ఇంత పన్ను ఎందుకు? సైన్యానికి అంత ఖర్చు చేసి, జనం ఆరోగ్యానికి ఇంత తక్కువ ఇస్తారేం? కరువుల్లో, ప్లేగులో ఇంతమంది ఎందుకు చచ్చిపోయారు?

ఆ చిట్టాలో ఇంకో పద్దు ఉంది. మన రైతు కట్టిన పన్నుతో సైన్యాన్ని పోషించారు. ఆ సైన్యాన్ని బర్మా మీదికి, చైనా మీదికి, ఈజిప్టు మీదికి పంపారు. అంటే ఇక్కడి పేదవాడి డబ్బుతో అక్కడి పేదవాడిని కొట్టించారు. ఈ సంగతి తెలిశాక, ఆ దేశాల వాళ్లు పగవాళ్లు కాదు, మనలాగే కష్టపడేవాళ్లు అని అర్థమైంది.

ఐర్లాండు అని ఇంగ్లండు పక్కనే చిన్న దేశం ఉంది. అదీ అప్పుడు ఇంగ్లీషు వాళ్ల చేతికిందే ఉండేది. ఆ దేశం నాయకుడు డి వెలేరా 1920 ఫిబ్రవరి 28న న్యూయార్కులో ఒక సభలో మాట్లాడారు. భారతదేశం స్వాతంత్ర్యం కోరేవాళ్లు పెట్టిన సభ అది. ఇండియా పోరాటానికి, ఐర్లాండు పోరాటానికి పొత్తు ఉందని ఆయన చెప్పారు. ఆ ఉపన్యాసాన్ని చిన్న పుస్తకంగా అచ్చువేసి పంచారు. మాట గాలికి పోకుండా కాగితం మీద నిలిచింది.

దొరలకు ఈ కాగితమంటే భయం పట్టుకుంది. మన దేశంలోకి రాకుండా నిషేధించారు. టపాలో వెతికి పట్టుకున్నారు. అయినా కొన్ని ప్రతులు దాటుకుని వచ్చాయి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. ఇదే సమయమని గదర్ వాళ్లు ఓడలెక్కి స్వదేశానికి బయలుదేరారు. గులాబ్ కౌర్ అనే పంజాబు ఆమె అప్పుడు ఫిలిప్పీన్స్ దేశంలో ఉన్నారు. భర్త వెనక్కి తగ్గినా ఆమె తగ్గలేదు. భర్త లేకుండానే వచ్చి ఉద్యమంలో పనిచేశారు. జైలుకు వెళ్లారు.

కానీ తిరుగుబాటు నిలవలేదు. ఓడ దిగగానే చాలామందిని పట్టుకున్నారు. 1915 ఫిబ్రవరిలో తిరుగుబాటుకు రోజు పెట్టుకుంటే, లోపల చేరిన మనిషే పోలీసులకు చెప్పేశాడు. పత్రిక అచ్చుపనిలో చేతులు అరగదీసుకున్న కుర్రవాడు కర్తార్ సింగ్ సరభా. అతణ్ణి 1915 నవంబరు 16న లాహోరులో ఉరితీశారు. అప్పటికి అతనికి పందొమ్మిదేళ్లు. చెంచయ్య కూడా పట్టుబడి ఏళ్ల తరబడి జైళ్లలో మగ్గారు. బయటికి వచ్చాక సంఘ సంస్కరణకు పాటుపడ్డారు. తన కథను ‘నేనూ నా దేశం’ అనే పుస్తకంలో రాశారు.

వాళ్ల ధైర్యానికి తక్కువ లేదు. మరి ఎందుకు ఓడిపోయారు? ఒక కారణం ద్రోహం. ఇంకో కారణం కూడా ఉంది. పత్రిక చదివి, కలిసి కూర్చుని మాట్లాడుకున్నవాళ్లు అమెరికాలో ఉన్నారు. పంజాబు పల్లెల్లో చాలామందికి ఆ మాటలు అందనే లేదు. కలిసి చదవనివాళ్లు కలిసి లేవలేదు.

ఇప్పుడు నెల్లూరు జిల్లా సంగతి గుర్తు చేసుకోండి. 1991లో ఇక్కడ అక్షరదీపం వెలిగింది. పల్లెల్లో ఆడవాళ్లు రాత్రిపూట చదువుకు వచ్చారు. వాచకంలో సీతమ్మ కథ చదివారు. చదివి ఊరుకోలేదు. మన ఇంట్లో సారాకు ఎంత పోతోంది, బియ్యానికి ఎంత మిగులుతోంది అని లెక్క వేశారు. దూబగుంటలో సారా అంగడి మూయించారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది. సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

వాళ్లు తుపాకీ పట్టలేదు. ఓడలెక్కి రాలేదు. ఎవరి ఊళ్లో వాళ్లు, అందరూ కలిసి చదివారు. అందరూ కలిసి లేచారు. అయితే 1995లో వచ్చిన పూర్తి మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. సాధించుకున్నది కాపాడుకోవాలంటే లెక్క అడగడం ఆపకూడదని దీనివల్ల తెలుస్తోంది.

కాబట్టి అక్కలారా! పత్రిక చేతికొస్తే ఒక్కరే చదివి మడిచి పెట్టకండి. నలుగురిని పిలవండి. పైకి చదవండి. రానివాళ్లకు వినిపించండి. అచ్చులో ఉన్నదంతా నిజమని నమ్మకండి. ఈ మూడు ప్రశ్నలు అడగండి:

ఇది రాసింది ఎవరు?
ఇందులో ఎవరికి లాభం, ఎవరికి నష్టం?
మన ఊరి లెక్కతో ఇది సరిపోతుందా?

వచ్చే వారం ఒక పత్రిక తీసుకురండి. అందులో ఒక వార్త చదివి ఈ మూడు ప్రశ్నలకు జవాబులు చెప్పండి.