గాట్స్‌బీ డబ్బు ఎక్కడిది?

ఇది మాస్టారి పేరిట జరిగే స్మారకోపన్యాసం. ఆయన పాండిత్యం గురించి నా ముందు మాట్లాడినవారు చెప్పారు కనుక నేను వేరే సంగతి చెబుతాను. మాస్టారు చాలాకాలం కాలేజీ స్టాఫ్ సొసైటీకి కోశాధికారి. ఇద్దరు జామీనుదారుల సంతకాలు లేనిదే ప్రిన్సిపాలుకైనా అప్పిచ్చేవారు కాదు. నెలాఖరున పద్దు పైసలతో సహా సరిపోయేదాకా ఇంటికి కదిలేవారు కాదు. అంతటి మనిషి క్లాసులో ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ చెప్పేటప్పుడు మాత్రం కథానాయకుడి ఆస్తి లెక్క అడగలేదు. అదంతా దొంగసారా డబ్బేలే, అసలు సంగతి డెయిజీ, అని సాగిపోయేవారు. ఆయనకూ నాకూ పేచీ అక్కడే. ఆయన ఉండగా అది తెగలేదు. ఆయన పేరు మీదనే ఇవాళ కొనసాగిస్తున్నాను. అందుకు ఆయన నొచ్చుకోరు, ఎదురు ప్రశ్న వేస్తారు.

కథ అందరికీ తెలిసిందే. 1922 వేసవి, లాంగ్ ఐలండ్. నార్త్ డకోటా రైతుబిడ్డ జేమ్స్ గాట్జ్ పేరు మార్చుకుని జే గాట్స్‌బీ అవుతాడు. లూయీవిల్‌లో చేజారిన డెయిజీ కోసం, ఆమె ఇంటికెదురుగా నీళ్ళకివతల మేడ కొంటాడు. చివరికి తనది కాని నేరానికి ఈతకొలనులో ప్రాణం పోగొట్టుకుంటాడు. పాత డబ్బూ కొత్త డబ్బూ, ఆకుపచ్చ దీపం, కళ్ళజోడు ప్రకటన బోర్డు, ఇవన్నీ గైడుల్లో ఉన్నాయి. అమెరికన్ స్వప్నం కూడా ఉంది. ఆ మాటను ఊరూరా తిప్పిన జేమ్స్ ట్రస్లో ఆడమ్స్ పుస్తకం వచ్చింది 1931లో, నవల వచ్చింది 1925 ఏప్రిల్ 10న. ఇంతకుమించి దాని జోలికి పోను.

నా ప్రశ్న ఒక్కటే. గాట్స్‌బీ డబ్బు ఎక్కడిది?

సారాయే అనేవారికి ప్లాజా హోటల్ గదిలో జరిగిన తగాదా పెద్ద ఆధారం. గాట్స్‌బీ, అతని వ్యాపార భాగస్వామి వుల్ఫ్‌షీమ్ కలిసి న్యూయార్క్‌లోనూ చికాగోలోనూ సందుగొందుల్లోని మందుల షాపులు కొని, కౌంటరు మీదనే సారా అమ్మారని డెయిజీ భర్త టామ్ బ్యుకానన్ అక్కడే బయటపెడతాడు. నిజమే. కానీ ఆ పేజీని చివరిదాకా చదవరేం? ఆ మందుల షాపుల వ్యాపారం చిల్లర డబ్బు వ్యవహారమనీ, ఇప్పుడు నడుపుతున్నది వేరే ఉందనీ, దాని సంగతి చెప్పడానికి తన మిత్రుడు వాల్టర్ చేజ్‌కే భయమనీ అదే టామ్ అంటాడు. సాక్షి చెప్పిన మాటలో మొదటి సగం రాసుకుని రెండో సగం కొట్టేస్తే అది ఏ కోర్టులోనూ చెల్లదు.

ఆ వేరే వ్యవహారమేమిటో తొమ్మిదో అధ్యాయంలో తెలుస్తుంది. గాట్స్‌బీ శవం ఇంట్లో ఉంది. చికాగో నుంచి ట్రంక్‌కాల్ వస్తుంది. ఇప్పటికైనా డెయిజీ మాట్లాడుతుందని, కథ చెప్పే నిక్ ఫోనెత్తుతాడు. అవతల ఎవడో మగవాడు. మాట్లాడేది గాట్స్‌బీయే అనుకుని గబగబా కబురు చెప్పేస్తాడు. కుర్రాడు పార్క్ బాండ్లు కౌంటరులో ఇస్తుండగా పట్టుబడ్డాడు, వాటి నంబర్లున్న సర్క్యులర్ న్యూయార్క్ నుంచి అయిదు నిమిషాల ముందే అందిందట. గాట్స్‌బీ చనిపోయాడని నిక్ చెప్పగానే లైను తెగిపోతుంది. ప్రేమ కోసం ఎత్తిన ఫోనులో బాండ్లు పలికాయి. ఇంతకంటే స్పష్టంగా రచయిత ఎలా చెప్పాలి?

రచయిత కావాలనే మసకగా వదిలేశాడు గదా, అని ఇంకో ఆక్షేపణ. దీనికి ఉత్తరాల సాక్ష్యం ఉంది. గాట్స్‌బీ సంపద సంగతి పాఠకుడికి కొంచెమైనా అందాలని 1924 నవంబరులో సంపాదకుడు మాక్స్‌వెల్ పెర్కిన్స్ రాశాడు. రచయిత ఫిట్జ్‌జెరాల్డ్ అప్పుడు రోమ్‌లో ఉన్నాడు. గాట్స్‌బీ ఏం చేసేవాడో తనకే సరిగ్గా తెలియదనీ, ఇప్పుడు ఫుల్లర్-మెగీ కేసును తిరగేశాక తెలిసిందనీ డిసెంబరులో జవాబిచ్చాడు. తర్వాతే ప్రూఫులు తిరగరాశాడు. కాబట్టి మసక ఉన్నమాట నిజమే గానీ, ఆ మసక వెనక ఒక కేసు ఫైలు ఉంది. ఫుల్లర్, మెగీలు సారా వ్యాపారులు కారు, న్యూయార్క్‌లో షేర్ బ్రోకర్లు. ఖాతాదారుల డబ్బు తీసుకుని షేర్లు కొనకుండానే కొన్నట్టు పుస్తకాల్లో చూపించేవారు. మనవాళ్ళు డబ్బా ట్రేడింగ్ అనేది దీన్నే. 1922 జూన్‌లో దాదాపు 60 లక్షల డాలర్ల బాకీలతో దివాలా తీశారు. నవల కథ నడిచేది ఆ వేసవిలోనే. ఫుల్లర్ ఇల్లు ఫిట్జ్‌జెరాల్డ్ కాపురమున్న గ్రేట్ నెక్‌లోనే. ఈ కేసును తవ్వి చూపించినవాడు హెన్రీ డాన్ పైపర్. ఆయన వ్యాసాన్ని అందరూ ఫుట్‌నోట్లో పేర్కొంటారు, అందులోని సంగతిని మాత్రం పైకి తేరు.

విమర్శకుడు లయొనెల్ ట్రిల్లింగ్ గాట్స్‌బీని అమెరికాకే ప్రతీక చేశాడు. ప్రతీక అయ్యాక మనిషిని పద్దు అడగడం అమర్యాద అనిపిస్తుంది కాబోలు. ఆ దారిలో వచ్చిన విమర్శంతా సంపదను ఒక భావంగా చూసింది. నవలలో సంపద భావం కాదు, నంబర్లు వేసిన కాగితం. పార్క్ ఇచ్చినవి ఏ బాండ్లో పుస్తకంలో లేదు. కానీ 1917-19 మధ్య అయిదు విడతల్లో అమెరికా ప్రభుత్వం దాదాపు 2,100 కోట్ల డాలర్ల యుద్ధ బాండ్లు అమ్మింది. కొన్నవాళ్ళలో గుమాస్తాలు, టీచర్లు, రైతులు కోకొల్లలు. ఎవరి చేతిలో ఉంటే వారిదే అయ్యే రకం బాండును కొట్టేస్తే దొంగను పట్టుకోవడానికి మిగిలేది నంబరే.

ఇంతకీ సారా అయితేనేం, బాండయితేనేం? చాలా తేడా ఉంది. మద్యనిషేధం 1920లో మొదలై 1933లో పోయింది. దాంతోపాటు ఆ పాపమూ పోయింది. అమ్మినవాడు, తాగినవాడు ఇద్దరూ ఇష్టపడే చేశారు. అందుకే సారా అమ్మిన ప్రేమికుణ్ణి పాఠకుడు ఇట్టే క్షమిస్తాడు. బాండ్ల దొంగకు వెనక సొమ్ము పోయినవాడొకడు ఉంటాడు. గాట్స్‌బీని ప్రేమకథగా మోయాలంటే సారా కావాలి. అందుకే ఎవరూ దాన్ని వదలరు.

కథ చెప్పేవాడి వృత్తి చూడండి. నిక్ బాండ్ల వ్యాపారం నేర్చుకోడానికి న్యూయార్క్ వచ్చాడు. డెయిజీని పిలిపించడానికి ప్రతిఫలంగా గాట్స్‌బీ అతనికి పక్క సంపాదన చూపిస్తానంటాడు, కొంచెం గుట్టుగా ఉండే వ్యవహారమని సైగ చేస్తాడు. బాండ్లమ్మే నిక్‌ను తప్ప ఇంకెవర్నీ అడగలేదేం? ఇదే సంగతి మరో సందర్భంలో వచ్చి ఉంటే తన బతుకే మలుపు తిరిగేదని నిక్ ఒప్పుకుంటాడు. కాదన్నది నీతి కోసం కాదు, మేలుకు బదులు మరీ బాహాటంగా ఇవ్వజూపాడని. ఈ నిజాయితీపరుడి వాంగ్మూలం మీదనే మనం గాట్స్‌బీని గొప్పవాణ్ణి చేశాం.

ఇక గాట్స్‌బీ ఆశయం సంగతి. కొడుకు చిన్నప్పటి దినచర్యను తండ్రి నిక్‌కు చూపిస్తాడు. వ్యాయామం, విద్యుత్ శాస్త్రం, వారానికి 5 డాలర్ల పొదుపు. ఆ 5 కొట్టేసి 3 అని దిద్ది ఉంది. అందరూ దాన్ని బెంజమిన్ ఫ్రాంక్లిన్‌తో పోల్చి ఆగిపోతారు. నాకు ఆ కొట్టివేతే ముఖ్యం. పొదుపుతో పైకి రావడం ఎంత కష్టమో కుర్రవాడికి అప్పటికే తెలుసు. తర్వాత రాగి గనుల కోటీశ్వరుడు డాన్ కోడీ అతని పేర 25,000 డాలర్లు రాసి పోతాడు. చట్టం మెలికతో పైసా చేతికి రాదు. మిగిలిన లక్షలన్నీ కోడీ సహచరి ఎల్లా కే పాలయ్యాయి. వీలునామా అనే కాగితం ఒకసారి అతన్ని మోసం చేసింది. కాగితాలతో ఏమేం చేయవచ్చో అప్పుడే అర్థమై ఉండాలి.

నేనిప్పుడు రాస్తున్న పుస్తకం ఈ కాగితాల గురించే. అమెరికన్ నవలలో కాగితపు డబ్బు చరిత్ర. మొదటి అధ్యాయం మెల్విల్ 1857 నాటి ‘ది కాన్ఫిడెన్స్ మాన్’. మిసిసిపీ మీద పడవ. చివర్లో ఒక ముసలాయన దొంగనోట్లు కనిపెట్టే పుస్తకం ముందు పెట్టుకుని తన నోట్లు సరిచూసుకుంటాడు. ఏ బ్యాంకుకు ఆ బ్యాంకు నోట్లచ్చేసుకునే రోజులు మరి. తర్వాత డ్రైజర్ 1912లో రాసిన ‘ది ఫైనాన్షియర్’. చార్లెస్ యెర్క్స్ అనే నిజమైన వ్యాపారి నమూనా. ఫిలడెల్ఫియా నగర ఖజానా సొమ్ముతో ఆడుకుని, 1871 చికాగో అగ్నిప్రమాదంతో మార్కెట్ పడిపోగానే దొరికిపోయాడు. గాట్స్‌బీ మూడో అధ్యాయం. అది ఇంకా పూర్తికాలేదు.

పూర్తికాకపోవడానికి కారణం నాకు సాహిత్యమే వచ్చి బాండ్లు రాకపోవడం. పరిశోధనకు విద్యార్థుల్ని ఇస్తామని ఈ కాలేజీవారు అన్నారు గనక మనవి చేస్తున్నాను, ఇంగ్లీషు ఎమ్మే వాళ్ళు వద్దు, కామర్స్ వాళ్ళను పంపండి. మొదటి పని కూడా సిద్ధంగా ఉంది. 1922లో పోయిన బాండ్ల నంబర్లు ఎవరు సేకరించేవారు, ఆ సర్క్యులర్ ఎక్కడ అచ్చయ్యేది, న్యూయార్క్ నుంచి చిన్న ఊరి బ్యాంకు కౌంటరు దాకా ఏ దారిన చేరేది? అది తేలితే పార్క్ అయిదు నిమిషాల తేడాతో ఎలా దొరికాడో నేను రాయగలుగుతాను.