బ్రతికియున్న క్రిమిని చూచుట

మదనపల్లెకు అనతిదూరమున ఆరోగ్యవరము కలదు. 1915 నుండి అచ్చట క్షయరోగులకు చికిత్సాలయము నడచినది. పుంగనూరు, కుప్పముల వైపు పెద్దలకు ఆ పేరు క్రొత్తగా చెప్పనక్కరలేదు. మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారము – తొలినాళ్ల మందులివే.

ఆనాడు క్షయక్రిమిని చూచుట యనగా చచ్చినదానిని చూచుటయే. కఫమును గాజుపలకపై పూసి, వేడిచేసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టుదురు. ఎఱ్ఱని పుల్లవంటి క్రిమి కనబడును. అది రోగి యొడలిలో బ్రతికియుండెనో, మందుచేత ముందే చచ్చెనో ఆ పుల్ల చెప్పదు. తెలియవలెనన్న పెంచి చూడవలెను. అది రెండగుటకే సుమారు ఇరువది గంటలు పట్టును గనుక ఫలితము వచ్చుటకు వారములు గడచును.

1952లో ఐసోనియాజిడ్ వాడుకలోనికి వచ్చెను. క్రిములు మొదట వేగముగా చచ్చును. పిదప కొన్ని మొండివి మిగులును. దగ్గు తగ్గినను మందు నెలల తరబడి మ్రింగవలసివచ్చుట వీనివలననే. ఇవి పెరుగుట మాని నిద్రించుచున్నవని చాలకాలము తలచిరి.

నేడు యంత్రమే కాపలా కాయును. సన్నని కాలువలలో క్రిములనుంచి, మందు కలిసిన ద్రవమును పారించుచు, రేయింబవళ్లు నియమితకాలమున ఛాయాచిత్రములు తీయును. కంప్యూటరు ఒక్కొక్క కణమును, దాని సంతతిని వెంబడించును. 2013లో స్విట్జర్లండులోని లొసాన్ శాస్త్రజ్ఞులు ఇట్లు చూడగా, మిగిలినవి నిద్రించుటలేదని తేలెను. కొన్ని చచ్చుచుండెను, కొన్ని రెండగుచుండెను. మొత్తము మాత్రము మారలేదు. చెరువులోనికి వచ్చు నీరును, తూమున పోవు నీరును సమమైనప్పుడు, గట్టుమీది మనిషికి నీరు నిలిచియున్నట్లే తోచును గదా!

ఇంకొక వింత. ఐసోనియాజిడ్ తానై విషము కాదు. క్రిమిలోని కాట్‌జీ అను ఎంజైమే దానిని విషముగా మార్చును. ఆ ఎంజైము ఉండియుండి ఉబుకును. తరచుగా ఉబికిన కణము చచ్చును, అరుదుగా ఉబికినది బ్రతుకును. తన చావును తానే వండుకొనుట యన్నమాట.

ఈ పరిశీలన జరిగినది అసలు క్షయక్రిమిపై కాదు, త్వరగా పెరుగు దాని చుట్టముపై. అసలుదానితో పని చేయుటకు గాలి సైతము వడగట్టి విడుచు ప్రయోగశాల కావలెను. అట్టిచోట దక్షిణ కొరియాలోని పాస్టర్ సంస్థవారు, మెరయు క్షయక్రిములు దూరిన కణములపై లక్షకు పైగా రసాయనములను యంత్రనేత్రముతో పరీక్షించిరి. అందు దొరికిన జాడవెంట పోయి, క్యూ203 అను ఔషధపదార్థమును 2013లో ప్రకటించిరి. తరువాత అది మనుష్యులపై పరీక్షలకు వెళ్లినది.